మొదటి మెట్టుకే ఇంత ధరా?

స్టూడియో, ఫ్లెక్సీ షాపు, ప్లాన్లు గీసే ఆఫీసు... బెల్లంపల్లిలో కంప్యూటర్ మీద బతికేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ‘ప్రొఫెషనల్’ పేరుతో అమ్మే డెస్క్‌టాప్‌లలో అన్నిటికంటే కింది మోడల్ కొంటే పెట్టిన డబ్బు గిట్టుబాటు అవుతుందా?

మాఘమాసం మొదలైందంటే బెల్లంపల్లి ఫోటో స్టూడియోల్లో రాత్రికీ పగటికీ తేడా ఉండదు. ఒక పెళ్లి పని తెమలకముందే ఇంకో రెండు పెళ్లిళ్ల మెమరీ కార్డులు టేబుల్ మీదికి వస్తాయి. "అన్నా, ఆల్బం ఎప్పుడిస్తవ్? వీడియో అయ్యిందా?" అంటూ ఫోన్లు మోగుతూనే ఉంటాయి. కంప్యూటర్ తెర మీద ఎక్స్‌పోర్ట్ గీత మాత్రం సగం దగ్గరే ఆగి ఉంటుంది. ఇలాంటి సీజన్లు రెండు మూడు గడిచాక స్టూడియో ఓనర్ ఈసారి పెద్ద సిస్టం కొనాల్సిందే అనుకుంటాడు. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ చేరి పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కుతాడు. అక్కడ అతని ముందు మూడు దారులుంటాయి. విడిభాగాలు ఏరి బిగించే అసెంబుల్డ్ సిస్టం ఒకటి. డెల్, హెచ్‌పీ, లెనోవో కంపెనీల వర్క్‌స్టేషన్ రెండోది. యాపిల్ వారి చిన్న పెట్టె మూడోది. వర్క్‌స్టేషన్‌లలో అడుగున ఉన్న మోడల్ ధర అడిగినా సాధారణంగా లక్ష పైమాటే వినిపిస్తుంది.

ఆ లక్షకు తగ్గ పని అది చేస్తుందా అన్నదే ఈ కథనం. బెల్లంపల్లి లాంటి ఊళ్లో చేసే పనుల్లో చాలావాటికి చేయదు. కొన్నిటికి మాత్రం కచ్చితంగా చేస్తుంది. ఆ తేడా ఎక్కడుందో కొనేముందే తెలుసుకోవడం కష్టమేమీ కాదు.

సింగరేణి బొగ్గుతో పెరిగిన పట్టణం బెల్లంపల్లి. 1920ల చివర్లో ఇక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. షిఫ్టుల సైరన్లకు లేచి పడుకున్న ఊరు, పట్టణ పరిధిలోని గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాక వేరే బతుకుతెరువులు చూసుకోవాల్సి వచ్చింది. 2016 అక్టోబరు 11న మంచిర్యాల జిల్లా ఏర్పడ్డాక ఆఫీసు పనులు, రియల్ ఎస్టేట్, ప్రింటింగ్ పనులు పెరిగాయి. వాల్యూపిచ్, సనాతన అనలిటిక్స్ అనే కంపెనీలు స్థానిక యువతను తీసుకుని ఇక్కడే ఐటీ ఆఫీసు నడిపాయి. ఇలాంటి ఊళ్లో లక్ష రూపాయల కంప్యూటర్ అంటే ఒక కుటుంబం తన పొదుపులోంచో, చిట్టీ ఎత్తో పెట్టే పెట్టుబడి. తప్పు మోడల్ కొంటే ఆ దెబ్బ నాలుగేళ్లు మోయాలి.

కింది మోడల్ వెనకున్న లెక్క

కంప్యూటర్ కంపెనీలు మొదటి మెట్టు ధరను వాడే పద్ధతి కొత్తది కాదు. ఐబీఎం తన మొదటి పర్సనల్ కంప్యూటర్‌ను 1981 ఆగస్టు 12న విడుదల చేసి ధర 1,565 డాలర్ల నుంచి మొదలవుతుందని చెప్పింది. ఆ ధరకు వచ్చేది 16 కిలోబైట్ల మెమరీ ఉన్న పెట్టె, కీబోర్డు మాత్రమే. ఫ్లాపీ డ్రైవ్ లేదు, మానిటర్ లేదు. ఆఫీసులో పనికొచ్చేలా అమర్చుకునేసరికి బిల్లు దాదాపు రెట్టింపయ్యేది.

ఆ తర్వాత 38 ఏళ్లకు, 2019 డిసెంబరులో, యాపిల్ మ్యాక్ ప్రో విషయంలోనూ ఇదే జరిగింది. మన దేశంలో దాని కింది మోడల్ ధర 4,99,900 రూపాయలు. అందులో 8 కోర్ల జియాన్ ప్రాసెసర్, 32 జీబీ మెమరీ, రేడియాన్ ప్రో 580ఎక్స్ గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. స్టోరేజీ 256 జీబీ మాత్రమే. మానిటర్ విడిగా కొనుక్కోవాలి. అమెరికాలో దాని ధర 5,999 డాలర్లు. అదే ఏడాది అదే యాపిల్ 2,299 డాలర్లకు అమ్మిన 27 అంగుళాల ఐమ్యాక్‌లోనూ రేడియాన్ ప్రో 580ఎక్స్ కార్డే ఉంది, పైగా 5కె తెర దానితోపాటే వచ్చేది.

మరి మిగతా డబ్బు ఎటు పోయింది? మ్యాక్ ప్రోలో 1,400 వాట్ల పవర్ సప్లై ఉంది, 8 విస్తరణ స్లాట్లున్నాయి. 28 కోర్ల ప్రాసెసర్ దాకా, 1.5 టెరాబైట్ల మెమరీ దాకా పెంచుకునే సత్తా ఉంది. ఆ స్లాట్లు నింపుకుని వాడుకునే పెద్ద స్టూడియోలకు ఆ ధర గిట్టింది. కింది మోడల్ కొని అక్కడే ఆగిపోయినవాళ్లు మాత్రం మూడంతస్తులకు పునాది వేసి ఒక్క గదితో సరిపెట్టుకున్నట్టయింది. డబ్బంతా పునాదిలో పోయింది, ఉండేది ఒక్క గదిలో.

ఎంట్రీ లెవెల్ ప్రొఫెషనల్ డెస్క్‌టాప్ అసలు కథ ఇదే. దాని ధరలో ఒక భాగం ఇవాళ చేసే పనికి, ఇంకో భాగం రేపు పెంచుకోగలిగే అవకాశానికి. రేపు పెంచుకోనివారికి ఆ రెండో భాగం వృథా.

పేరుకు తగ్గట్టు వచ్చేవి

వర్క్‌స్టేషన్ అనే పేరు ఉత్త ప్రచారం కాదు. మామూలు డెస్క్‌టాప్‌లో సాధారణంగా దొరకనివి ఇందులో నాలుగు ఉంటాయి.

మొదటిది, చాలా మోడళ్లలో పెట్టుకోగలిగే ఈసీసీ మెమరీ. మెమరీలో ఒక బిట్ తారుమారైతే అది దానంతట అదే సరిచేసుకుంటుంది. గూగుల్ తన సర్వర్లను పరిశీలించి 2009లో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకురాలితో కలిసి వెలువరించిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా మెమరీ స్టిక్కుల్లో కనీసం ఒక్క లోపమైనా నమోదైందని తేలింది. రాత్రింబగళ్లు ఆగకుండా నడిచే లెక్కలకు, బ్యాంకు డేటాకు, వంతెన డిజైన్లకు ఇది అవసరం. పెళ్లి వీడియోలో ఒక పిక్సెల్ రంగు మారితే ఎవరూ గుర్తుపట్టరు.

రెండోది సర్టిఫికేషన్. ఆటోడెస్క్, దస్సో, సీమెన్స్ లాంటి సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఫలానా కంప్యూటర్, ఫలానా గ్రాఫిక్స్ డ్రైవర్‌తో తమ ప్రోగ్రాం సరిగ్గా నడుస్తుందని పరీక్షించి ధ్రువీకరిస్తాయి. సమస్య వస్తే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీదికి కంప్యూటర్ కంపెనీ, కంప్యూటర్ కంపెనీ మీదికి సాఫ్ట్‌వేర్ కంపెనీ తోసుకునే అవకాశం తగ్గుతుంది. లైసెన్సు కొని వాడే డిజైన్ ఆఫీసుకు ఇది విలువైనదే.

మూడోది ఇంటికొచ్చి చేసే సర్వీసు. ఇలాంటి మోడళ్లకు మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ ఇవ్వడం మామూలు. నాలుగోది, ఇందాక చెప్పుకున్న పెంచుకునే అవకాశం.

కింది మోడళ్లలో అన్నిటికంటే బలహీనంగా ఉండేది గ్రాఫిక్స్ కార్డు. ఈ కంప్యూటర్లలో వచ్చే కార్డుల్లో ఎన్విడియా టీ400 ఒకటి. అందులో ఉన్నవి 384 క్యుడా (CUDA) కోర్లు. అదే వరసలో పైనున్న టీ1000లో 896 ఉన్నాయి. గేమింగ్ కోసం 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060లో 3,584 కోర్లు, 12 జీబీ గ్రాఫిక్స్ మెమరీ ఉన్నాయి. టీ400 వాడే కరెంటు 30 వాట్లే, చిన్న పెట్టెలోనూ ఇముడుతుంది, సర్టిఫికేట్ ఉంటుంది. కానీ వీడియోకు ఎఫెక్టులు వేయడం, రంగులు దిద్దడం లాంటి పనుల్లో అది 3060 దరిదాపులకు కూడా రాదు. ప్రొఫెషనల్ అన్న మాట చూసి వేగం ఆశించి కొన్న ఎడిటర్ నిరాశపడేది ఇక్కడే.

గంటకు 90 జీబీ

కంప్యూటర్‌కు నిజంగా చెమటలు పట్టించే పని వీడియో. ఉత్తర తెలంగాణలో అదిప్పుడు పెద్ద ఉపాధి. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానల్, పల్లెలో కూర్చునే లక్షలమందిని చేరవచ్చని చూపించింది. ఆ చానల్‌తో వెలుగులోకి వచ్చిన గంగవ్వ 2020లో బిగ్‌బాస్ ఇంటిదాకా వెళ్లింది. ఆ తర్వాత కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల ప్రాంతాల్లో షార్ట్ ఫిల్మ్‌లు, జానపద పాటలు తీసే యువతకు లెక్కలేదు. అందరికీ చివరికి కావాల్సింది ఎడిటింగ్ చేసే ఒక కంప్యూటరే.

ఇవాళ పెళ్లిళ్లలో కనిపించే సోనీ ఏ7 తరహా కెమెరాలో 4కె వీడియోను సెకనుకు 50 ఫ్రేముల చొప్పున, 10 బిట్ 4:2:2 రంగుతో హెచ్.265 పద్ధతిలో తీస్తే సెకనుకు 200 మెగాబిట్ల డేటా తయారవుతుంది. అంటే గంటకు 90 జీబీ. రెండు కెమెరాలు నాలుగేసి గంటలు నడిస్తే ఒక్క పెళ్లికే 720 జీబీ. లక్షకు పైగా పెట్టి కొన్న కంప్యూటర్‌లో 512 జీబీ డిస్క్ మాత్రమే ఉంటే ఒక్క పెళ్లి కూడా అందులో పట్టదు.

చోటు సమస్యను డిస్కు కొని తీర్చుకోవచ్చు. అసలు చిక్కు ఆ ఫైలును విప్పడంలో ఉంది. హెచ్.265 ఫైలు బాగా కుదించి ఉంటుంది. దాన్ని సాఫీగా విప్పి చూపించాలంటే చిప్‌లో అందుకోసమే కట్టిన ప్రత్యేక భాగం ఉండాలి. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన డెస్క్‌టాప్ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌కు ఈ 4:2:2 ఫైళ్లను విప్పే శక్తి ఉంది, ఆ పని చేసే భాగాన్నే క్విక్ సింక్ అంటారు. ఎన్విడియా కార్డుల్లో 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ దాకా ఆ శక్తి లేదు. అంటే ఆర్‌టీఎక్స్ 3060, 4060 లాంటి కార్డులు ఎఫెక్టులు ఎంత వేగంగా వేసినా ఈ ఫైళ్లను విప్పే బరువు మళ్లీ ప్రాసెసర్ మీదే పడుతుంది.

సరిగ్గా ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఇంటెల్ ఐ5 12400, ఐ5 12400ఎఫ్ అని రెండు ప్రాసెసర్లున్నాయి. చివరన ‘ఎఫ్’ ఉన్నది కాస్త చవక, ఎందుకంటే అందులో లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు. విడిగా కార్డు వేస్తున్నాం కదా, లోపలిది దేనికి అని షాపువాడు ఎఫ్ రకం బిగిస్తాడు. గేములాడే పిల్లాడికి అది మంచి బేరమే. పెళ్లి వీడియోలు కోసే ఎడిటర్‌కు మాత్రం ఆ ఒక్క అక్షరంతో క్విక్ సింక్ పోతుంది. టైమ్‌లైన్ మీద ప్లే నొక్కగానే బొమ్మ తడబడుతుంది. తెలుగు స్టూడియోల్లో ఎక్కువగా వాడే ఎడియస్ సాఫ్ట్‌వేర్ కూడా ఈ పనికి క్విక్ సింక్ మీదే బాగా ఆధారపడుతుంది. వర్క్‌స్టేషన్ కొనడానికి పెట్టబోయే అదనపు డబ్బు కంటే, బిల్లు మీద ఆ ఒక్క అక్షరం చూసుకోవడం వల్ల వచ్చే లాభం ఎక్కువ.

అసలు కొత్త కంప్యూటరే కొనకుండా గట్టెక్కే మార్గం కూడా ఉంది. షూటింగ్ ఫైళ్లకు చిన్న సైజు నకళ్లు, అంటే ప్రాక్సీలు, రాత్రి పడుకునేముందు తయారుకు పెట్టుకుని, పగలు వాటి మీద ఎడిట్ చేసి, చివర్లో అసలు ఫైళ్లతో ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ప్రీమియర్, డావిన్చి రిజాల్వ్, ఎడియస్ మూడింటిలోనూ ఈ సదుపాయం ఉంది.

ఫ్లెక్సీకి కావాల్సింది ర్యామ్

బెల్లంపల్లిలో కాల్‌టెక్స్ నుంచి బజార్ ఏరియా దాకా ఎటు చూసినా పుట్టినరోజు ఫ్లెక్సీ, ప్రారంభోత్సవం ఫ్లెక్సీ, సంతాపం ఫ్లెక్సీ. వాటిని తయారుచేసే డిజైనర్ వాడేవి ఫోటోషాప్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు. ఈ పనికి బలమైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. కావాల్సింది మెమరీ, దాని లెక్క కూడా తేలికే.

10 అడుగుల ఎత్తు, 20 అడుగుల వెడల్పు ఉన్న బ్యానర్‌ను అంగుళానికి 72 పిక్సెళ్ల చొప్పున తయారుచేస్తే 8,640 ఇంటూ 17,280 పిక్సెళ్లు. దాదాపు 15 కోట్ల పిక్సెళ్లు. ప్రింటింగుకు నాలుగు రంగులు కాబట్టి పిక్సెల్‌కు 4 బైట్లు. నిండుగా ఉన్న ఒక్క పొరకే 600 ఎంబీ దాకా పడుతుంది. నాయకుడి ఫోటో, వెనక రంగులు, వరసగా కార్యకర్తల ముఖాలు, అక్షరాలకు నీడలు అంటూ అలాంటి పెద్ద పొరలు పదయితే 6 జీబీ. ఫోటోషాప్ గుర్తుపెట్టుకునే పాత దశలు, విండోస్, పక్కన తెరిచిన కోరల్‌డ్రా, వాట్సాప్ కూడా కలిస్తే 16 జీబీ మెమరీ చాలక కంప్యూటర్ డిస్కు మీద రాసుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడే మౌస్ కదలడం కూడా ఆగిపోతుంది. ఉన్న కంప్యూటర్‌లో ఖాళీ స్లాటు ఉంటే మెమరీని 32 జీబీకి పెంచడమే ఈ జబ్బుకు మందు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు బాగా పెరిగాయి. అయినా కొత్త వర్క్‌స్టేషన్ కంటే ఆ ఖర్చు తక్కువే.

ఇంటి ప్లాన్లు గీసేవారి సంగతి ఇంకోలా ఉంటుంది. 2020 నవంబరులో ఇంటి అనుమతులకు టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ విధానం వచ్చాక కంప్యూటర్ ప్లాన్ల అవసరం పెరిగింది. ఆటోక్యాడ్‌లో ఇలాంటి రెండు కొలతల డ్రాయింగులు గీసేటప్పుడు పనిలో ఎక్కువభాగం ఒకే ఒక్క కోర్ మీద నడుస్తుంది. 16 కోర్ల ప్రాసెసర్ కొన్నా 15 కోర్లు చూస్తూ కూర్చుంటాయి. వేగమైన కోర్లున్న మధ్యరకం ప్రాసెసర్, మంచి ఎస్‌ఎస్‌డీ, కళ్లకు హాయినిచ్చే పెద్ద మానిటర్ ఉంటే ఆ ఆఫీసుకు సరిపోతుంది. డేటా పనులు చేసే ఐటీ కుర్రాళ్లకూ అంతే. వాళ్ల బరువైన లెక్కలు ఎక్కడో క్లౌడ్‌లో జరుగుతాయి.

చిన్న పెట్టె మార్చిన బేరం

2024 అక్టోబరు చివర్లో యాపిల్ ఎం4 చిప్‌తో మ్యాక్ మినీని ప్రకటించింది. అప్పుడు మన దగ్గర 16 జీబీ మెమరీ, 256 జీబీ స్టోరేజీతో దాని ధర 59,900 రూపాయలు. హెచ్.265లో 4:2:2 ఫైళ్లను విప్పే భాగం ఆ చిప్‌లోనే ఉంది. యాపిల్ లెక్క ప్రకారం గరిష్ఠంగా వాడే కరెంటు 65 వాట్లు, ఊరికే ఉన్నప్పుడు 4 వాట్లు. ఈ ధరలో ఇంత వేగం ఇచ్చే పెట్టె వచ్చాక లక్షకు పైబడిన కింది మోడళ్ల బేరం నిజంగానే కష్టమైంది.

అయితే ఇక్కడా మొదటి మెట్టు లెక్క ఉంది. విడుదలనాటి ధరల్లో స్టోరేజీ 512 జీబీ కావాలంటే 20,000 రూపాయలు అదనం. మెమరీ 16 నుంచి 24 జీబీకి పెంచాలంటే ఇంకో 20,000. రెండూ కలిస్తే 99,900. కొన్నాక మెమరీ పెంచుకునే వీలు లేదు, మొదటిరోజే తేల్చుకోవాలి. స్టోరేజీకి మాత్రం బయట ఎస్‌ఎస్‌డీ పెట్టుకుంటే చవకలో పని జరుగుతుంది.

ఎడియస్ మ్యాక్ మీద నడవదు. త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్లు రెవిట్, 3డీఎస్ మ్యాక్స్ కూడా అంతే. అను స్క్రిప్ట్ మేనేజర్‌తో విండోస్ మీద ఏళ్ల తరబడి టైపు చేసిన చేతులకు కొత్త పద్ధతి అలవాటు కావడానికి ఒక సీజన్ పడుతుంది. ప్రీమియర్‌లోనో, 295 డాలర్లకు ఒక్కసారి కొంటే సరిపోయే డావిన్చి రిజాల్వ్ స్టూడియోలోనో పనిచేసే కుర్ర ఎడిటర్‌కు మ్యాక్ మినీ చక్కటి కొనుగోలు. ఎడియస్ మీద పదేళ్ల ప్రాజెక్టులు, టెంప్లేట్లు ఉన్న స్టూడియోకు కాదు.

పాత వర్క్‌స్టేషన్ తళుకు

చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనే కాదు, ఆన్‌లైన్‌లోనూ పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన వర్క్‌స్టేషన్లు దొరుకుతాయి. హెచ్‌పీ జెడ్440 లాంటివి 2014లో వచ్చినవి. జియాన్ ప్రాసెసర్, 32 జీబీ ఈసీసీ మెమరీ, దృఢమైన క్యాబినెట్ అని రాసి ఉంటుంది. ధర చూస్తే ఆశ పుడుతుంది.

ఆ జియాన్‌లో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి క్విక్ సింక్ ఉండదు. ఆ తరం ప్రాసెసర్‌ను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఫోటోషాప్‌లో ఫ్లెక్సీలు చేసుకునేవారికి, నేర్చుకునే విద్యార్థికి ఆ యంత్రం కొన్నాళ్లు పనికొస్తుంది. కస్టమర్ల ఆధార్ కాపీలు, చెల్లింపుల వివరాలు పెట్టుకునే షాపుకు భద్రతా అప్‌డేట్లు లేని కంప్యూటర్ ప్రమాదం. 4కె వీడియోకు అది అసలే తగదు.

ఎండ, కరెంటు, పిన్‌కోడ్

మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఏసీ లేని గదిలో ఎక్స్‌పోర్ట్ పెడితే ప్రాసెసర్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. జనవరిలో గంటలో అయ్యే పని మేలో ఇంకా ఎక్కువసేపు పడుతుంది. సింగరేణి ప్రాంతంలో దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. ఫ్యాన్లు, హీట్‌సింక్ మీద పేరుకున్న మట్టిని నెలకోసారి బ్లోయర్‌తో ఊదించుకుంటే పైసా ఖర్చు లేకుండా పోయిన వేగంలో కొంత తిరిగొస్తుంది.

కరెంటు లెక్క కూడా ధరలో భాగమే. షాపుల్లో కనిపించే 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల దాకా మోస్తుంది. 170 వాట్లు లాగే ఆర్‌టీఎక్స్ 3060, దానికి తోడు ప్రాసెసర్, రెండు మానిటర్లు కలిస్తే ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆ హద్దు దగ్గరికి వెళ్తుంది. అప్పుడు కరెంటు పోతే యూపీఎస్ ఉన్నా లేనట్టే. పెద్ద సిస్టం కొనేవాళ్లు పెద్ద యూపీఎస్ డబ్బు కూడా పక్కన పెట్టుకోవాలి.

ఇక సర్వీసు. వర్క్‌స్టేషన్‌కు ఇచ్చే అదనపు డబ్బులో ఆన్‌సైట్ వారంటీకీ వాటా ఉంది. మర్నాడే ఇంజనీరు వస్తాడన్న హామీ హైదరాబాద్‌లో ఉన్నట్టు అన్నిచోట్లా ఉండదు. అందుకే కొనేముందు బెల్లంపల్లి పిన్‌కోడ్ 504251కు ఎన్ని రోజుల్లో మనిషి వస్తాడో కంపెనీ దగ్గర రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. ఆ హామీ గట్టిగా దొరికితే వర్క్‌స్టేషన్ ధరలో న్యాయముంది. దొరకకపోతే, ఏ పార్టు పోయినా మంచిర్యాలలోనో కరీంనగర్‌లోనో అదేరోజు కొని మార్చుకోగలిగే అసెంబుల్డ్ సిస్టమే ఇక్కడ నయం. బ్రాండెడ్ వర్క్‌స్టేషన్లలో చాలావాటికి పవర్ సప్లై, మదర్‌బోర్డు ఆ కంపెనీవే వేయాలి, బజార్లో దొరికేవి సరిపోవు.

కాగితం మీద లెక్క

ఒక స్టూడియోకు 80,000 రూపాయల్లో సరిపడే సిస్టం, 1,50,000 రూపాయల్లో పెద్ద సిస్టం ముందున్నాయనుకుందాం. తేడా 70,000. నాలుగేళ్లు వాడతారనుకుందాం. ఏడాదికి 40 పెళ్లిళ్లు చేసే స్టూడియోకు ఆ తేడా పెళ్లికి సుమారు 437 రూపాయలు పడుతుంది. పెద్ద సిస్టం ఒక్కో పెళ్లి మీద రెండు గంటలు మిగిల్చినా ఎడిటర్ కూలీలోనే అది తిరిగొస్తుంది. ఏడాదికి 12 పెళ్లిళ్లు చేసేవారికి అదే తేడా పెళ్లికి 1,458 రూపాయలు. రెండు గంటలు మిగిలినా గిట్టదు. పైగా ఆషాఢం, మూఢాల్లో కంప్యూటర్ ఖాళీగా ఉంటుంది, ముహూర్తాలన్నీ కొన్ని వారాల్లోనే వచ్చిపడతాయి. కాబట్టి ఏడాది సగటు కంటే రద్దీ వారాల్లో ఎన్ని పెళ్లిళ్లు ఆలస్యమవుతున్నాయో చూసుకోవడమే సరైన కొలత.

పన్ను సంగతీ చూడాలి. కంప్యూటర్ల మీద జీఎస్టీ 18 శాతం. 1,50,000 బిల్లులో 22,881 రూపాయలు పన్నే. సాధారణ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి ఇది ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికి, రిజిస్ట్రేషన్ లేని చిన్న షాపులకు రాదు. ఆదాయపు పన్నులో కంప్యూటర్‌పై ఏటా 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చు. కానీ టర్నోవరులో ఇంత శాతం లాభమని అంచనాగా చూపి పన్ను కట్టే చిన్న వ్యాపారులకు ఆ తరుగుదల విడిగా దక్కదు. అంటే పెద్ద ఆఫీసుకు, చిన్న షాపుకు ఒకే కంప్యూటర్ అసలు ధర ఒకటి కాదు. చిన్నవాడికే ఎక్కువ పడుతుంది.

ఎవరికి గిట్టుతుంది?

ఓపెన్‌కాస్ట్ గనుల్లో డ్రోన్‌తో సర్వే చేసి మట్టి, బొగ్గు పరిమాణాలు లెక్కగట్టే కాంట్రాక్టు సర్వేయరుకు ఎంట్రీ వర్క్‌స్టేషన్ గిట్టుతుంది. వేల ఫోటోలను కలిపి త్రీడీ నమూనా కట్టే ఆ పనికి ఇవాళ 64 జీబీ, రేపు 128 జీబీ మెమరీ కావాలి. ఆయన ఆ స్లాట్లు నింపుతాడు. లైసెన్సు సాఫ్ట్‌వేర్ మీద రెవిట్, స్ట్రక్చరల్ డిజైన్లు చేసే ఇంజనీరింగ్ ఆఫీసుకు గిట్టుతుంది. ఒకేసారి ఇరవై, ముప్పై కంప్యూటర్లు కొని ఐదేళ్లు ఒకే రకం సర్వీసుతో నడుపుకోవాల్సిన ప్రభుత్వ పాలిటెక్నిక్ లాంటి సంస్థకూ గిట్టుతుంది.

పెళ్లి వీడియోల స్టూడియోకు, ఫ్లెక్సీ డిజైనర్‌కు, ఇంటి ప్లాన్లు గీసే ఆఫీసుకు ఆ లేబుల్ మీద అదనంగా డబ్బు పెట్టాల్సిన పనిలేదు. కొత్తది కొనాల్సి వస్తే వాళ్లు షాపులో అడగాల్సినవి ఇవి. ప్రాసెసర్‌కు లోపలి గ్రాఫిక్స్ ఉందా? మెమరీ 32 జీబీ ఉందా, ఇంకో రెండు స్లాట్లు ఖాళీగా ఉన్నాయా? విండోస్‌కు, పని ఫైళ్లకు వేరువేరు ఎస్‌ఎస్‌డీలు ఉన్నాయా? బిల్లులో ప్రతి పార్టు పేరు, సీరియల్ నంబరు, విడివిడి వారంటీ రాసిస్తారా? అన్నిటికీ జవాబు అవునైతే, మిగిలిన డబ్బుతో రంగులు సరిగ్గా చూపించే మానిటర్, 4 టెరాబైట్ల బ్యాకప్ డిస్కులు రెండు కొనుక్కోవాలి. పోయిన కంప్యూటర్ మళ్లీ దొరుకుతుంది. డిస్కు పాడై పోయిన ఒక ఇంటి పెళ్లి మళ్లీ తీయడానికి రాదు కాబట్టి ఆ రెండు డిస్కుల్లో ఒకటి షాపులో, ఇంకోటి ఇంట్లో ఉంచుకోవాలి.